మూగదెబ్బకు ఏ పరీక్ష, ఎప్పుడు? వైద్య ఆరోగ్య శాఖలకు ఒక సర్జన్ రాస్తున్న బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,

అయ్యా, అమ్మా,

"సీటీ స్కాన్ నిమిత్తం పై ఆసుపత్రికి పంపడమైనది."

ఒక రిఫరల్ చీటీ మీద ఉన్నది ఈ ఒక్క వాక్యమే. కింద సంతకం, తేదీ, రాత్రి 9.40 అని సమయం. పైన ఒక మూల నాడి 136, బీపీ 80/50 అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆగి ఉన్న లారీని మోటారు సైకిలుతో గుద్దుకున్న ఇరవై మూడేళ్ల కుర్రాడి వెంట ఆ చీటీ వచ్చింది. అంబులెన్సు మా క్యాజువాల్టీకి చేరేసరికి పదకొండయింది. చీటీ మా చేతికి అందింది గాని కుర్రాడు దారిలోనే పోయాడు. పోస్టుమార్టంలో ప్లీహం (స్ప్లీన్) రెండు ముక్కలై కనిపించింది. ఇంకే అవయవానికీ చెప్పుకోదగ్గ దెబ్బ లేదు.

మర్నాడు ఆ చీటీ రాసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడాను. "కడుపులో రక్తం పోతోందని అనుమానం వచ్చింది సార్. కానీ రుజువు లేదు. స్కాన్ లేకుండా కడుపు ఎలా తెరుస్తారని అడిగారు" అన్నారు. ఆ ఊళ్లో సర్జన్ ఉన్నారు. మత్తు డాక్టరు ఉన్నారు. ఆపరేషన్ థియేటర్ ఉంది. అల్ట్రాసౌండ్ యంత్రం కూడా ఉంది, తాళం వేసిన గదిలో. తాళంచెవి ఉన్నాయన సాయంత్రం ఇంటికి వెళ్లిపోయారు.

నేను పదవీ విరమణ చేసి కొంతకాలమైంది. ఇప్పుడు ఎవరి పేరూ చెప్పి ఎవరినీ ఇరుకున పెట్టే ఉద్దేశం లేదు. ఆ రాత్రి తప్పు చేసిన మనిషంటూ నాకు ఎవరూ కనిపించలేదు కూడా. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో అక్కడ ఎవరికీ స్పష్టంగా లేదు, అంతే. ఆ అస్పష్టతను తొలగించే అధికారం మీ చేతుల్లో ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను.

మూగదెబ్బ అనే మాటను ఎవరు పుట్టించారో గాని వైద్య పుస్తకాలు కూడా ఇంతకంటే మంచి పేరు పెట్టలేవు. కత్తిపోటు నోరు తెరిచి చెబుతుంది. ఇది చెప్పదు. ట్రాక్టరు బోల్తా పడి ఇంజను కింద నలిగిన రైతు, మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడు, ఎద్దు కుమ్మిన పెద్దాయన, స్టీరింగు ఛాతీకీ పొట్టకూ కొట్టుకున్న డ్రైవరు, సైకిలు హ్యాండిలు పొట్టలో గుచ్చుకున్న పిల్లవాడు: వీళ్లలో చాలామందికి చర్మం మీద గీత కూడా ఉండదు. మెట్ల మీద పడ్డానని చెప్పే ఇల్లాలిని కూడా ఈ వరుసలో కలపాలి. ఆమె చెప్పే మెట్లు తరచూ చెప్పుల కాళ్లతో ఉంటాయని క్యాజువాల్టీలో పనిచేసిన ప్రతి నర్సుకూ తెలుసు.

లోపల జరిగేది కూడా ఒకటి కాదు. ప్లీహం, కాలేయం చిట్లితే రక్తం పోతుంది, ప్రాణాపాయం నిమిషాల్లోనే రావచ్చు. పేగుకు చిల్లు పడితే రసాలు మెల్లగా కారతాయి. కడుపు గట్టిపడడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి మరునాటి దాకా తెలియదు. క్లోమం (పాంక్రియాస్), చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలో ఎక్కువ భాగం, మూత్రపిండాలు పొట్టలోని పెరిటోనియం పొరకు వెనక, వెన్నును ఆనుకుని ఉంటాయి. వాటి గాయం ఆ పొర చాటున దాక్కుంటుంది. ఇన్ని రకాల గాయాలను ఒకే పరీక్ష పట్టేస్తుందని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

చేత్తో నొక్కి చూడడాన్ని నేను చులకన చేయను. గంటకోసారి అదే వైద్యుడు అదే చేత్తో చూస్తే ఆ చేతికి చాలా తెలుస్తుంది. కానీ తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు, మద్యం తాగి ఉన్నవాడు, వెన్నుపాము తెగినవాడు నొప్పి చెప్పలేరు. పైగా పడుచువాళ్ల శరీరం మనల్ని మోసం చేస్తుంది. లీటరు రక్తం పోయినా బీపీ మామూలుగానే ఉండవచ్చు, నాడి మాత్రమే పరుగెడుతుంది. బీపీ పడిపోయిందంటే శరీరం తన పొదుపంతా ఖర్చు పెట్టేసిందని అర్థం. అప్పుడు పరీక్ష కోసం వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఇక్కడ మా తరం సంగతి కాస్త చెప్పనివ్వండి. మేము పీజీలుగా ఉన్నప్పుడు మా చేతిలో ఉన్నది డీపీఎల్, అంటే పొట్టను సెలైన్‌తో కడిగి, తిరిగి వచ్చిన నీటిలో రక్తం ఉందా అని చూసే పరీక్ష. అంతకుముందు పొట్ట నాలుగు మూలలా సూది గుచ్చి లాగి చూసేవారు. రక్తం వస్తే ఉన్నట్టు, రాకపోతే ఏమీ చెప్పలేనట్టు. 1965లో అమెరికాలో రూట్ అనే సర్జన్, ఆయన సహచరులు దాన్ని మార్చి, పొట్టలోకి గొట్టం వేసి సెలైన్‌తో కడిగి చూసే పద్ధతి తెచ్చారు. ముందు మూత్రాశయానికి ఒక గొట్టం, జీర్ణాశయానికి ఒక గొట్టం వేసి ఆ రెండింటినీ ఖాళీ చేయాలి, లేకపోతే వాటికే చిల్లు పడుతుంది. బొడ్డు కింద మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, గొట్టం లోపలికి వేసి లాగుతాం. పది మిల్లీలీటర్ల రక్తం వస్తే ఇక ఆలోచించేది లేదు, థియేటర్‌కే. రాకపోతే వెచ్చని సెలైన్ లీటరు ఎక్కించి, అదే సీసాను నేల మీద పెడతాం. ఎక్కిన నీరు గొట్టం గుండా తిరిగి దిగుతుంది. ఆ నీటిని ప్రయోగశాలకు పంపిస్తే ఘన మిల్లీమీటరుకు లక్ష ఎర్రకణాలు దాటాయా, తెల్లకణాలు 500 దాటాయా అని లెక్క చెప్పాలి. రాత్రి రెండు గంటలకు లెక్కపెట్టేవారు ఎక్కడ దొరుకుతారు? అందుకే గొట్టం వెనక ఆనాటి దినపత్రిక పెట్టి చూసేవాళ్లం. అచ్చు అక్షరాలు చదవగలిగితే ఫరవాలేదు. చదవలేకపోతే కడుపు తెరవాల్సిందే. ఇది మా ఊరి చిట్కా కాదు, పాత సర్జన్లందరికీ తెలిసిన పరీక్షే.

డీపీఎల్ సూక్ష్మత ఎంతటిదో చిన్న లెక్కతో చెబుతాను. మన రక్తంలో ఘన మిల్లీమీటరుకు దాదాపు యాభై లక్షల ఎర్రకణాలు ఉంటాయి. లీటరు సెలైన్‌లో 20 మిల్లీలీటర్ల రక్తం, అంటే నాలుగు చెంచాలు కలిస్తే చాలు, లక్ష గీత దాటుతుంది. కడుపులో రక్తం ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇంత చౌకగా, ఇంత కచ్చితంగా జవాబు చెప్పే పరీక్ష ఇప్పటికీ మరొకటి లేదు. దాని గుణమే దాని దోషం. నాలుగు చెంచాల రక్తానికి కడుపు తెరవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. డీపీఎల్ మాట విని నేను తెరిచిన ఒక కడుపులో కాలేయం మీద వేలెడంత చీలిక, దాని మీద అప్పటికే గడ్డకట్టిన రక్తం కనిపించాయి. దానంతట అదే ఆగిపోయిన రక్తస్రావం కోసం ఆ మనిషికి నిలువునా గాటు పెట్టాను. కుట్లు చీము పట్టాయి, ఏడాదికి అక్కడే హెర్నియా దిగింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. హెర్నియా ఆపరేషన్‌కు కూడా నా దగ్గరికే వచ్చారు. పొర వెనక దాక్కునే గాయాల విషయంలో డీపీఎల్ దాదాపు గుడ్డిదని కూడా చెప్పాలి.

తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది. గాయపడిన పొట్ట మీద దాన్ని వాడడం ఐరోపాలో 1970లలోనే మొదలైంది. ఫాస్ట్ అనే పేరుతో అది ప్రపంచమంతా పాకింది మాత్రం 1990లలో. నాలుగు చోట్ల చూస్తారు: గుండె చుట్టూ, కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ మధ్య, కటిలో మూత్రాశయం వెనక. ఉండకూడని చోట నల్లటి చార కనిపిస్తే అక్కడ ద్రవం చేరిందని అర్థం. అలవాటైన చేతికి మూడు నిమిషాలు చాలు. సెలైన్ ఎక్కుతుండగానే, బట్టలు కత్తిరిస్తుండగానే, మంచం కదపకుండా చేయవచ్చు. రేడియేషన్ లేదు, గాటు లేదు. ఎన్నిసార్లయినా మళ్లీ చేయవచ్చు. దీన్ని ఛాతీ వరకూ పొడిగించి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన గాలినీ రక్తాన్నీ చూడడం ఇప్పుడు చాలా చోట్ల మామూలైంది.

ఇక దాని హద్దు చూడండి. 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, డీపీఎల్ చేస్తున్న వందమంది రోగుల పొట్టలోకి నీరు ఎక్కుతుండగా కాలేయం పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి, చార ఎప్పుడు కనిపిస్తుందో గమనించారు. సగటున 619 మిల్లీలీటర్లు చేరాక కనిపించింది. 400 లోపే పసిగట్టగలిగినవారు పదిమందిలో ఒక్కరు. డీపీఎల్‌కు నాలుగు చెంచాలు చాలు. ఫాస్ట్‌కు అర లీటరు పైన కావాలి.

వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2018లో 34 అధ్యయనాలను, 8,635 మంది రోగులను కలిపి సమీక్షించింది. పొట్ట గాయాల విషయంలో ఫాస్ట్ తరహా అల్ట్రాసౌండ్ పట్టుకోగలిగింది నూటికి 68 మందిని. గాయం లేనివారిలో లేదని సరిగ్గా చెప్పింది నూటికి 95 మందికి. ఈ రెండు అంకెలను ప్రతి క్యాజువాల్టీ గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించండి. గాయం ఉందని యంత్రం చెబితే నమ్మండి. లేదని చెబితే నమ్మకండి. పిల్లల్లో పరిస్థితి ఇంకా బలహీనం. వాళ్లలో ప్లీహం, కాలేయం చిట్లినా చుట్టూ ద్రవం చేరకపోవచ్చు. బీపీ నిలకడగా ఉన్న 925 మంది పిల్లల మీద అమెరికాలో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఫాస్ట్ చేసినా చేయకపోయినా ఎంతమందికి సీటీ తీశారన్నది పెద్దగా మారలేదు.

ఈ సంగతి నాకు అంకెల కంటే ముందు ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు నేర్పాడు. సైకిలు హ్యాండిలు పొట్టలో దిగింది. బొడ్డు పక్కన రూపాయి బిళ్లంత గుండ్రటి కమిలిన మచ్చ. ఇంకో ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ చేసి "నార్మల్" అని కాగితం ఇచ్చి పంపేశారు. ఆ కాగితం మీద ఉన్న నమ్మకంతో తల్లిదండ్రులు రెండు రోజులు వాంతులకు మందు పోశారు. మూడో రోజు మా దగ్గరికి తెచ్చేసరికి పొట్ట చెక్కలా ఉంది. చిన్నపేగు మొదట్లో చిల్లు. బతికాడు, నెల రోజులు మంచం మీద ఉన్నాక. ఆ కాగితంలో అబద్ధం లేదు. ద్రవం లేదన్నది నిజమే, ఆ రోజుకు. ద్రవం లేదన్న మాటను గాయం లేదన్న మాటగా చదివారు.

తప్పు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. తాగుడుతో కాలేయం పాడై, పొట్టలో ముందే నీరు పట్టిన మనిషి ప్రమాదానికి గురైతే ఫాస్ట్ చూపే చార పాత నీటిదా, కొత్త రక్తమా? తుంటి ఎముక విరిగి మూత్రాశయం పగిలితే అక్కడ ఉన్నది మూత్రమా, రక్తమా? నల్లచారకు రంగు తెలియదు. అక్కడ పాత డీపీఎల్ గొట్టమే అక్కరకొస్తుంది. బీపీ పడిపోతోంది, ఫాస్ట్ అయోమయంగా ఉంది అంటే గొట్టం వేసి పది మిల్లీలీటర్లు లాగి చూడడమే మార్గం. డీపీఎల్ పాతబడిందని పీజీలకు నేర్పడం మానేసిన బోధనాసుపత్రులు ఈ ఒక్క సందర్భం కోసమైనా దాన్ని తిరిగి నేర్పాలి.

సీటీ గొప్పతనం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. నరానికి రంగుమందు ఎక్కించి తీసిన సీటీ ఏ అవయవం ఎంత లోతుగా చిట్లిందో, రక్తం ఇంకా కారుతోందో ఆగిందో చూపిస్తుంది. పొర వెనక క్లోమాన్నీ మూత్రపిండాలనూ చూపిస్తుంది. కడుపు తెరవకుండానే నయం చేయవచ్చన్న ధైర్యం సర్జన్లకు ఇచ్చింది అదే. ఒకప్పుడు చిట్లిన ప్లీహాన్ని తీసేయడమే వైద్యం. తీసేసిన వాళ్లకు జీవితాంతం కొన్ని సూక్ష్మక్రిముల భయం, టీకాలు. ఇప్పుడు బీపీ నిలకడగా ఉన్న రోగుల్లో అత్యధికుల ప్లీహాన్ని కాపాడుతున్నాం. హెర్నియా దిగిన ఆ మనిషికి ఆనాడు సీటీ ఉండి ఉంటే నా కత్తి అవసరం పడేది కాదు.

అయితే సీటీ కూడా అన్నీ చెప్పదు. పేగు చిల్లు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం డయాఫ్రం చీలిక, మొదటి గంటల్లో క్లోమం గాయం ఒక్కోసారి దాని కన్ను తప్పుతాయి. పొట్టకు ఒకసారి తీసే సీటీ రేడియేషన్ దాదాపు 8 మిల్లీసీవర్టులు, అంటే ప్రకృతి నుంచి మనకు రెండు మూడేళ్లలో తాకేంత. పిల్లల విషయంలో ఇది ఆలోచించాల్సిన సంగతి. తల నుంచి తుంటి దాకా అందరికీ తీసేయడం కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో అలవాటైంది. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన రియాక్ట్-2 అధ్యయనం, అలా మొత్తం తీసినవారిలోనూ, అవసరమైన చోటే తీసినవారిలోనూ ఆసుపత్రి మరణాలు సమానమేనని తేల్చింది.

సీటీకి అన్నిటికంటే పెద్ద హద్దు యంత్రంలో లేదు, దారిలో ఉంది. యంత్రం తిరిగేది కొన్ని సెకన్లే. స్ట్రెచర్ మార్చడం, వరండా దాటడం, సూదులూ గొట్టాలూ సర్దడం, రంగుమందు ఎక్కించడం, తిరిగి రావడం: ఒకే ఆవరణలో ఉన్నా అరగంట ఇట్టే పోతుంది. అరవై కిలోమీటర్ల అవతల ఉంటే చెప్పేదేముంది. పొట్టలో రక్తస్రావంతో బీపీ పడిపోయి, ఆపరేషన్ అవసరమైన 243 మంది మీద చేసి 2002లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధన, ఎమర్జెన్సీ గదిలో గడిచే ప్రతి మూడు నిమిషాలకూ మరణావకాశం సుమారు ఒక శాతం పెరుగుతుందని, తొంభై నిమిషాల దాకా ఇది వర్తిస్తుందని చెప్పింది. అది వాళ్ల ఊరి లెక్క, మన రోడ్డుకు అచ్చంగా అతకదు. అయినా ఒక రాత్రి కూర్చుని వేసి చూశాను. 9.40 నుంచి పదకొండు దాకా ఎనభై నిమిషాలు. ఇరవై ఆరు శాతం పైన.

కాబట్టి ఈ మూడింటిలో ఏది గొప్ప అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ మనిషిని ఇప్పుడే థియేటర్‌కు తీసుకెళ్లాలా అన్న ప్రశ్న ఒకటి. బీపీ పడిపోయినవాడి విషయంలో అదొక్కటే ప్రశ్న. దానికి జవాబు ఫాస్ట్, అది అందుబాటులో లేకపోయినా అయోమయంగా ఉన్నా డీపీఎల్ గొట్టం. లోపల ఏది, ఎంత దెబ్బతిన్నది, ఆగి చూడవచ్చా అన్నది రెండో ప్రశ్న. అడిగే తీరిక ఉన్నవాడికే అది. దానికి జవాబు సీటీ. మూడోది, ఇప్పుడు కనిపించనిది రేపు బయటపడుతుందా అన్నది. దానికి ఏ యంత్రమూ లేదు. మంచం, నర్సు, మళ్లీ మళ్లీ చూసే చేయి, ఆరు గంటల తర్వాత ఇంకో ఫాస్ట్. మొదటి ప్రశ్న ఉన్నవాడిని రెండో ప్రశ్నకు జవాబు కోసం అంబులెన్సు ఎక్కించడమే ఆ చీటీ చేసిన పని.

ఇక ఆ తాళం గురించి. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఎందుకు వచ్చిందో ప్రసూతి వార్డు చూసిన వాళ్లెవరూ మరచిపోరు. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించుకోవడానికి వచ్చినవాళ్లను నేనూ చూశాను. ఆ చట్టం పళ్లు ఊడగొట్టమని నేను అడగడం లేదు. కానీ దాని నీడ ఎమర్జెన్సీ గది మీద ఎలా పడిందో మీరు గమనించాలి. యంత్రం నమోదైన చోటే ఉండాలి. వాడే వైద్యుడి అర్హత నమోదై ఉండాలి. ఎంబీబీఎస్ డాక్టర్లకు ఆరు నెలల శిక్షణ ఉండాలని 2014లో నిబంధనలు వచ్చాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు వాటిని తప్పుపట్టింది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. ఈ లోగా సూపరింటెండెంట్లు నేర్చుకున్న పాఠం ఒక్కటే: గదికి తాళం వేసి తాళంచెవి రేడియాలజిస్టు చేతిలో పెడితే తనిఖీలో మన మీదికి రాదు. ఆ సూపరింటెండెంట్లను అనడానికి లేదు. కుర్రాడు దారిలో చనిపోతే సంజాయిషీ అడిగేవాడు లేడు. యంత్రం ఒక గది నుంచి ఇంకో గదికి మారితే నోటీసు వస్తుంది.

చట్టం లోపలే దారి ఉంది. ఎమర్జెన్సీ గదిని కూడా నమోదైన చోటుగా చేర్చండి, అక్కడికంటూ ఒక యంత్రం కేటాయించండి. అర్హత గల సర్జన్లనూ ఎమర్జెన్సీ వైద్య పీజీలనూ దాని మీద నమోదు చేయించండి. ప్రతి స్కాన్‌కూ సమయం, కారణం, చూసిన నాలుగు చోట్లు, చేసినవారి సంతకం ఉండే పుస్తకం పెట్టండి. గర్భిణి అయితే చట్టం అడిగే ఫారం నింపించండి. ఫాస్ట్‌లో గర్భాన్ని చూసే పనే లేదని తనిఖీ అధికారులకు ఒక ఉత్తర్వుతో చెప్పండి. జిల్లా కలెక్టర్లు ఈ చట్టం అమలు చూసే అధికారులుగా ఉన్నారు కాబట్టి రెండు శాఖలు ఉత్తరాలు రాసుకుంటూ ఏళ్లు గడపనక్కర్లేదు. యంత్రం ఖరీదు అంటారేమో. జాతీయ రహదారుల పక్కనున్న ఏరియా ఆసుపత్రుల్లో చాలా చోట్ల యంత్రం ఇప్పటికే ఉంది. తాళం ఖరీదు ఎంత?

శిక్షణ విషయంలో ఒక మాట. రెండు రోజుల వర్క్‌షాపులు పెట్టి ఫొటోలు దిగి పంపేయకండి. నల్లచారను గుర్తుపట్టడానికి రెండు రోజులు చాలు. లేదు అని చెప్పేటప్పుడు చేయి వణకడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. మొదటి కొన్ని పదుల స్కాన్లు రేడియాలజిస్టు పక్కన నిలబడి చేయాలి. ప్రతి ఫలితాన్నీ తర్వాత సీటీతోనో ఆపరేషన్‌తోనో సరిపోల్చుకోవాలి. తాము రోజూ చేసే పరీక్షను ఇతరులు మూడు నిమిషాల్లో ముగిస్తామంటే రేడియాలజిస్టులకు కష్టంగా ఉంటుంది, ఆ కష్టంలో న్యాయం ఉంది. వాళ్లను గురువులుగా పెడితే కాపలాదారులుగా ఉండాల్సిన అవసరం పోతుంది.

మనకు డబ్బు లేదనీ అనలేం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. గాయపడినవాడిని రోడ్డు మీది నుంచి ఎత్తి తేవడం అప్పట్లోనే దేశానికి నేర్పాం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు దేశమంతటా ఏడు రోజుల వరకూ, లక్షన్నర రూపాయల వరకూ నగదు లేని చికిత్స పథకం ఉంది. ఆ ఏడు రోజుల్లో ఒకటి, రెండు రోజులు "ఫాస్ట్‌లో ఏమీ లేదు, అయినా ఉంచి చూస్తున్నాం" అన్న మంచానికి వెచ్చించడం వృథా అని ఏ ఆడిటరూ రాయకుండా చూడండి. పొట్ట మీద సీటుబెల్టు గుర్తో, హ్యాండిలు మచ్చో ఉన్నవారిని స్కాన్ కాగితం ఎంత శుభ్రంగా ఉన్నా ఆ రాత్రి ఇంటికి పంపకూడదన్న నియమం రాతపూర్వకంగా ఉండాలి. ఇది లేకనే తొమ్మిదేళ్ల పిల్లవాడు రెండు రోజులు ఇంట్లో వాంతులు చేసుకున్నాడు.

2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1.72 లక్షలకు పైనే. వాళ్లలో ఎంతమంది పొట్ట లోపలి రక్తస్రావంతో పోయారో, ఎంతమంది ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లే దారిలో పోయారో మన రిజిస్టర్లలో వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ గడి రిజిస్టర్‌లో లేదు. గడి గీయడానికి ఒక స్కేలు చాలు.

చివరిగా ఆ చీటీ. ఖాళీగా ఉన్న రిఫరల్ చీటీలో ఎవరైనా ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకోవచ్చు, అందుకని దాన్ని మార్చి ఒక నమూనా తయారుచేసి ఈ లేఖకు జతచేస్తున్నాను. అరపేజీ మించదు. అందులో ఐదు గడులు ఉన్నాయి. వచ్చినప్పటి నాడి, బీపీ. పంపేటప్పటి నాడి, బీపీ. ఫాస్ట్ ఎన్ని గంటలకు చేశారు, నాలుగు చోట్లా ఏం కనిపించింది, చేయకపోతే ఎందుకు చేయలేదు. మన సర్జన్‌కు ఎన్ని గంటలకు చెప్పారు, ఆయన ఏమన్నారు. అవతలి ఆసుపత్రిలో ఎవరితో మాట్లాడారు. బీపీ 90 కంటే తక్కువ ఉన్నవాడిని సీటీ కోసం పంపుతున్నట్లయితే నాలుగో గడిలో సర్జన్ సంతకం లేనిదే అంబులెన్సు కదలకూడదని కింద ఒక గీత గీశాను. ఆ గీత మీ ఉత్తర్వులో ఉంటే సర్జన్ మంచం దిగి వస్తారు. నేను కూడా చాలా రాత్రులు ఎవరో ఒకరు లేపితేనే దిగినవాణ్నే.

నమూనాలో మార్పులు చేయదలిస్తే చేయండి. ఫాస్ట్ ఎందుకు చేయలేదన్న గడిని మాత్రం తీసేయకండి. "గది తాళం వేసి ఉంది" అని అందులో రాసే చీటీలు మీ కార్యాలయానికి ఎన్ని వస్తాయో ఆరు నెలలు లెక్కపెట్టండి.

ఇట్లు,
జాతీయ రహదారి పక్కన పాతికేళ్లు పనిచేసి రిటైరైన ఒక జనరల్ సర్జన్